ఊరికే పోయే దారులు

ఆడమనిషి దారిలో ఎదురైతే మన ఊళ్ళల్లో ముందు వచ్చే మాట "ఎక్కడికి?" అనే. పలకరింపే కదా అనుకుంటాం. నిజమే, మగవాళ్ళనీ అలాగే పలకరిస్తారు. కాకపోతే మగవాడు "ఇట్టా ఊరికే" అంటే ఆ జవాబు సరిపోతుంది. ఆడమనిషి "ఊరికే" అంటే సరిపోదు. ఇంకో ప్రశ్న వస్తుంది. నోటితో రాకపోతే చూపుతో వస్తుంది. నీళ్ళకో, కట్టెలకో, కూలికో, ఆస్పత్రికో, గుడికో, బడికో, ఏదో ఒక పని పేరు చెప్పాలి. ఇంటి గడప దాటడానికి మనకిచ్చే చీటీ మీద పని పేరు రాసి ఉండాల్సిందే.

మూడేళ్ళుగా నేను ఆదివారాలు తెల్లవారుజామున అద్దంకి చుట్టుపక్కల డొంకల్లో సైకిలు తొక్కుతున్నాను. లావు టైర్లు, ముందు చక్రానికి కుదుపులు తట్టుకునే స్ప్రింగులు ఉన్న సైకిలు. పట్నాల్లో మౌంటెన్ బైక్ అంటారు. మా వైపు గేరు సైకిలు అంటే సరిపోతుంది. నాకిప్పుడు యాభై ఒకటి. బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. దారిలో ఎదురైనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నకి జవాబు నేను చెప్పేలోపే వాళ్ళే ఇచ్చేస్తారు. "షుగరా టీచరమ్మా?" "మోకాళ్ళ నొప్పులకా?" "డాక్టరు తొక్కమన్నాడా?" నాకు షుగరు లేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మాట చెబితే వాళ్ళ మొహాల్లో కాస్త ఇబ్బంది కనపడుతుంది. జబ్బు ఉంటే ఆ తొక్కుడికి ఒక అర్థం ఉండేది. ఏ జబ్బూ లేకుండా, ఏ పనీ లేకుండా, పొద్దున్నే ఒక ఆడమనిషి మిరపచేల మధ్య సైకిలు మీద పోతుందంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకి తెలియదు.

ఈ వ్యాసం ఆ "ఊరికే" గురించే. ముందు ఆ దారుల సంగతి చెబుతాను.

అద్దంకి అనగానే చదువుకున్నవాళ్ళకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం. అందులో తరువోజ పద్యం ఉంది. తెలుగు పద్యం రాతిమీద కనపడే తొలి చోట్లలో ఇదొకటి. రెండోది పద్నాలుగో శతాబ్దపు రెడ్డి రాజ్యం. ప్రోలయ వేమారెడ్డికి రాజధాని ఇదే, ఎర్రాప్రగడ ఆయన కొలువులో కవే. తర్వాత రాజధాని కొండవీటికి మారింది. పండరంగడనే సేనాని పన్నెండు బోయకొట్టాలు పట్టుకున్న సంగతి శాసనంలో ఉంది. ఆ కొట్టాల్లో ఆడవాళ్ళు ఏ దారిన గుండ్లకమ్మకి నీళ్ళకి పోయారో ఏ రాయి మీదా లేదు. సైన్యాలు నడిచిన దారి చరిత్రలోకి ఎక్కింది. నీళ్ళకి నడిచిన దారి డొంకగా మిగిలింది. నేను తొక్కేది ఈ రెండో రకం దారుల్లోనే.

ఇక్కడ పెద్ద కొండలేమీ లేవు. ఉన్నవల్లా సింగరకొండ లాంటి గుట్టలు. పైన నరసింహస్వామి, కింద ప్రసన్నాంజనేయస్వామి, పక్కన భవనాశి చెరువు. ఫాల్గుణంలో తిరునాళ్ళకి కరెంటు ప్రభలు కడతారు. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళితే చెరువు కట్ట మీద కొంగలు తప్ప ఎవరూ ఉండరు. కొండ పాదం దగ్గర గులకరాళ్ళ బాటలో ఎక్కేటప్పుడు చిన్న గేరులో వేసి, సీటు ముందంచుకి జరిగి, హ్యాండిలు మీదకి వంగాలి. లేకపోతే వెనక చక్రం రాళ్ళ మీద ఊరికే గిర్రున తిరుగుతుంది. దిగేటప్పుడు సీటు వదిలి ఒంటిని వెనక్కి పెట్టాలి. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుంటే మనిషి హ్యాండిలు మీదుగా పల్టీ కొడుతుంది. ఇవన్నీ ఒళ్ళు నేర్చుకునే సంగతులు. ఆడపిల్ల ఒంటిని ముడుచుకోవడం, సర్దుకోవడం, ఒదిగి కూర్చోవడం మనకి చిన్నప్పుడే నేర్పుతారు. బరువుని ఎటు వేయాలో, ఎక్కడ కాళ్ళు బారజాపాలో, ఎప్పుడు పడిపోవాలో ఎవరూ నేర్పరు. నలభై ఎనిమిదేళ్ళకి నా ఒంటికి బరువుందని, అది నాకు పనికొస్తుందని ఈ రాళ్ళ బాట మీద తెలిసింది.

రెండో దారి కాలువ కట్ట. నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వచ్చే అద్దంకి బ్రాంచి కాలువ కట్ట. చదునుగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మంచిది. మూడోది గుండ్లకమ్మ ఒడ్డు, మణికేశ్వరం వైపు. ఎక్కడో నల్లమలలో పుట్టి వచ్చే ఈ ఏరు వానలప్పుడు ఒక మనిషి, ఎండల్లో ఒక మనిషి. ఇసుకలో సైకిలు తొక్కాలంటే టైర్లలో గాలి తగ్గించి, హ్యాండిలు గట్టిగా పట్టుకోకుండా వదులుగా ఉంచి, ఆగకుండా తొక్కుతూ పోవాలి. ఆగితే దిగబడుతుంది.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పొలాల మధ్య డొంకలు. నల్లరేగడి. ఎండితే నెర్రెలిస్తుంది. సన్నటైరు ఆ నెర్రెలో ఇరుక్కుంటే మనిషి ముందుకి పడుతుంది. అందుకే లావుటైరు. వాన పడితే ఏ టైరూ పనికిరాదు. బంక మట్టి చక్రానికీ ఫోర్కుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు. సైకిలు మనల్ని మోయాల్సింది పోయి మనం దాన్ని మోసుకుని రావాలి. వానలు మొదలైనప్పటి నుంచి కార్తీకం దాటేదాకా డొంకలు వదిలి కట్టలు పట్టుకోవాల్సిందే. సంక్రాంతి దాటాక డొంకలు బాగుంటాయి. అప్పటికి ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు తిరిగి రెండు గాళ్ళు గట్టిపడి ఉంటాయి. ఒక పక్క పత్తి చేను, ఒక పక్క మిరపచేను, మధ్యలో సుబాబుల్, జామాయిల్ తోటల నీడ. కల్లాల్లో పరిచిన కాయ ఎర్రగా, ఆ ఘాటుకి తుమ్ములు. ఈ దారుల్లో పెద్ద శత్రువు పల్లేరు కాయ. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దాని తర్వాత చిల్లకంప. పంచరు పడని ఆదివారం తక్కువ. మొదట్లో పంచరు వేయించడానికి షాపుకి పోతే "అబ్బాయిని పంపించకపోయారా మేడమ్" అనేవాళ్ళు. ఇప్పుడు ట్యూబు విప్పి, నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూసి, గరుకు చేసి, సొల్యూషన్ పూసి, ముక్క అంటించి గాలి కొట్టుకోవడం నాకు వచ్చు. పదిహేను నిమిషాల పని. దీన్ని మగవాళ్ళ విద్యగా ఇంతకాలం ఎందుకు ఉంచారో అర్థం కాదు.

ఈ దారుల్లో తెల్లవారుజామున ఇంకొకటి ఉంటుంది. అది రాయకుండా ఉంటే ఈ దారుల గురించి రాసినట్టు కాదు. ఇంకా చీకటి ఉండగానే కాలువ కట్టకి, డొంకకి ఆడవాళ్ళు చెంబులతో వస్తారు. 2014 తర్వాత స్వచ్ఛభారత్ కింద ఊళ్ళల్లో మరుగుదొడ్లు కట్టారు. ఎంతో మేలు జరిగింది. అయినా నీళ్ళు లేని చోట, గుంట నిండినచోట, ఇంట్లో పదిమందికి ఒకటే ఉన్నచోట ఈ రాకడ ఆగలేదు. మగవాడి బండి లైటు దూరాన కనపడగానే వాళ్ళంతా లేచి నిలబడతారు. బండి పోయేదాకా మొహం తిప్పుకుని నిలబడే ఉంటారు. మొదటిసారి నా సైకిలు లైటు పడ్డప్పుడు కూడా అలాగే లేచారు. నేను లైటు ఆపి, "నేనేనమ్మా, ఆడమనిషినే" అన్నాను. అప్పటి నుంచి బెల్లు రెండుసార్లు కొడతాను. అది మా మధ్య గుర్తు. ఆ బెల్లుకి ఎవరూ లేవరు. ఏ ఆరోగ్యశాస్త్రం పుస్తకమైనా చెబుతుంది, అలా మధ్యలో లేచి నిలబడటం, పొద్దంతా ఆపుకోవడం ఆడవాళ్ళ ఒంటికి ఏం చేస్తుందో. దారి అందరిదీ అంటాం. ఒక లైటు పడితే ఎవరు లేచి నిలబడాలో చూస్తే ఆ దారి ఎవరిదో తెలిసిపోతుంది.

సైకిలుకీ ఆడవాళ్ళకీ ఉన్న చరిత్ర మనకి కొంత తెలుసు. సైకిలు ఆడవాళ్ళ విముక్తికి చేసినంత మేలు లోకంలో ఇంకేదీ చేయలేదని అమెరికాలో సూజన్ బి. ఆంథొనీ 1896లో అంది. ఆ రోజుల్లోనే కొందరు డాక్టర్లు సైకిలు తొక్కే ఆడవాళ్ళ మొహం బిగుసుకుపోయి పాడవుతుందని, దానికి "సైకిలు మొహం" అని పేరు పెట్టి భయపెట్టారు. అప్పుడు తొక్కితే జబ్బు వస్తుందన్నారు, ఇప్పుడు జబ్బుంటేనే తొక్కాలంటున్నారు. మధ్యలో నూట ముప్పై ఏళ్ళు గడిచాయి.

ఈ మౌంటెన్ బైక్‌కి మాత్రం వేరే పుట్టుక ఉంది. 1970ల్లో కాలిఫోర్నియాలో టమాల్‌పాయిస్ కొండ చుట్టుపక్కల కొందరు కుర్రాళ్ళు పాతకాలపు లావుటైర్ల సైకిళ్ళు బాగుచేసుకుని మట్టి బాటల్లో పైనుంచి కిందికి వదిలేవాళ్ళు. 1976లో పందాలు పెట్టారు. కిందికి దిగేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజంతా కాలి ఆవిరయ్యేది. మళ్ళీ నింపుకోవాలి. అందుకే ఆ బాటకి రీప్యాక్ అని పేరు. ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే ఆమె ఉండేది. ఆ తొలిరోజుల ఫోటోలు చాలావరకు ఆమె తీసినవే. వాళ్ళతో పాటు కొండ ఎక్కింది, దిగింది, ఆ బరువైన సైకిలు తొక్కింది. మౌంటెన్ బైక్ చరిత్ర అనగానే దాన్ని తయారుచేసిన మగవాళ్ళ పేర్లు చెబుతారు. ఆ మొహాలు ఈరోజు మనం చూడగలుగుతున్నది ఆమె కెమెరా వల్ల. ఆమె గురించి చదివినప్పుడు నాకు నచ్చింది ఇంకొకటి. వాళ్ళెవరూ ఎక్కడికీ పోవడం లేదు. కొండ ఎక్కడం, దిగడం, నవ్వుకోవడం. ఆ సైకిలు పుట్టిందే పని లేకుండా పోవడానికి.

మన దేశంలో సైకిలు ఆడవాళ్ళ చేతికి వేరే దారిన వచ్చింది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దీన్ని పట్టుబట్టి నడిపించింది. 1992 మహిళా దినోత్సవం నాడు 1500 మంది ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఊరేగింపుగా వెళ్ళారు. పాలగుమ్మి సాయినాథ్ దాని గురించి రాశాక దేశమంతా తెలిసింది. దాదాపు అదే కాలంలో మా పక్క నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్కడ అక్షరం సైకిలెక్కింది, ఇక్కడ సారా మీద తిరగబడింది. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు దానివల్ల 32 శాతం పెరిగాయని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ 2017లో అచ్చయిన అధ్యయనంలో లెక్కగట్టారు. మన రాష్ట్రంలోనూ 2017లో బడికొస్తా పేరుతో సైకిళ్ళు పంచారు. మా పిల్లలు కొందరు ఆ సైకిళ్ళ మీద బడికి వచ్చారు.

ఈ పథకాల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ సైకిళ్ళు లేకపోతే పదో తరగతి గడప తొక్కని పిల్లలు నాకు తెలుసు. కానీ ఒకటి గమనించండి. ప్రతిచోటా ఆడపిల్ల సైకిలు మీద ఒక పని పేరు రాసి ఉంది. బడికొస్తా. బడికి మాత్రమే వస్తా. సాయంత్రం బడి వదిలాక ఆ సైకిలు ఎవరు తొక్కారో చూడండి. అన్నో, తమ్ముడో వేసుకుని చెరువుకో, సెంటరుకో పోయేవాడు. ఆదివారం ఎవరు తొక్కారు? పదో తరగతి అయ్యాక ఆ సైకిలు ఎక్కడికి పోయింది? మా బడిలో నేను చూసినంతలో చాలా ఇళ్ళల్లో అది నాన్న క్యారేజీ సైకిలయింది. పని అయిపోగానే ఆడపిల్ల దిగిపోయింది. ముంబై గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో వై లాయిటర్ అనే పుస్తకం రాశారు. పని ఉన్నట్టు కనపడితేనే ఆడవాళ్ళని వీధిలో ఉండనిస్తారని, ఏ పనీ లేకుండా ఉండగలగడమే అసలు హక్కని వాళ్ళ వాదన. అది నగరం మాట. డొంకలో ఆ మాట ఎలా ఉంటుందో నాకు ఒక తల్లి చెప్పింది.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల కిందటేడు నా సైకిలు చూసి వదల్లేదు. గేర్లు ఎలా మారతాయి, ముందు స్ప్రింగు ఎందుకు, దీన్ని రాళ్ళమీద ఎత్తేయొచ్చా అని. ఒక ఆదివారం నాతో రమ్మన్నాను. వాళ్ళన్న పాత సైకిలేసుకుని వచ్చింది. కాలువ కట్టమీద నాకన్నా వేగంగా తొక్కింది. రెండు వారాలు వచ్చి మూడోవారం మానేసింది. వాళ్ళమ్మని కలుద్దామని కాలనీకి వెళ్ళాను. ఆమె అప్పుడే మిరపకోత నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు. కాసేపు మోచేతులతోనే పనులన్నీ చేసుకుంటూ మాట్లాడింది.

ఈడొచ్చిన పిల్ల, పరువు, పెళ్ళి, ఇలాంటివే చెబుతుందనుకుని వాటికి జవాబులు తయారుగా పెట్టుకుని వెళ్ళాను. ఆమె ఆ మాటలేవీ ఎత్తలేదు.

"మీరు పోతే టీచరమ్మ గేరు సైకిలేసుకుని పోతందంటారు. మా పిల్ల పోతే కాలనీ పిల్ల మా చేల్లో ఏం పనికి తిరగతందంటారు. మీకది చెల్లుద్ది. ఆ డొంకంతా ఎవురి చేలో మీకు తెలవదా? రేపు కల్లంలో ఒక టిక్కీ కాయ తగ్గితే ఈ పిల్ల పేరే వస్తది. పనికి పోయినప్పుడు ఎవురూ అడగరు. పని లేకుండా కనపడితే మమ్మల్ని దొంగలంటారమ్మా."

నేను తయారుగా పెట్టుకున్న జవాబుల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు. మా ఇద్దరినీ "ఎక్కడికి?" అనే అడుగుతారు. నన్ను అడిగినప్పుడు ఆ మాటలో వింత ఉంటుంది, చిన్న నవ్వు ఉంటుంది. ఆమె కూతుర్ని అడిగినప్పుడు అందులో కంచె ఉంటుంది. పితృస్వామ్యం అని ఒక్క మాటలో మనం అనేదానికి ఈ నేలమీద ఎన్ని గట్లున్నాయో ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. ఆడవాళ్ళందరం ఊరికే తిరుగుదాం అనడం తేలిక. ఎవరి పొలం పక్కన, ఏ కాలనీ నుంచి వచ్చి అన్నది వదిలేస్తే అది నా ఒక్కదాని విహారమే అవుతుంది.

"మరి నువ్వూ రారాదూ మాతోటి?" అన్నాను.

"నాకా దారి కొత్తా? రోజూ నడిచేదేగా."

"పని లేకుండా ఎప్పుడన్నా నడిచావా?"

ఆమె ఆలోచించింది. "తిరునాళ్ళకి" అని, తర్వాత నవ్వి, "పనిలేని రోజు యాడుంది టీచరమ్మా" అంది.

ఊరికే పోవడానికి దారి ఒక్కటే చాలదు. తీరిక కావాలి. ఆ తీరిక నాకు జీతంతో పాటు వచ్చింది, ఆదివారం రూపంలో. ఆమెకి కోత లేని రోజంటే కూలి లేని రోజు. కోత ఉన్న రోజుల్లో ఆటోలో పదిమంది పట్టేచోట ఇరవైమంది ఇరుక్కుని పోవాలి. 2020 మే నెలలో నాగులుప్పలపాడు మండలంలో మిరపకోతకి వెళ్ళి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుని, పనికెళ్ళినవాళ్ళు ఇళ్ళకి చేరలేదు. పనికి పోయే దారి కూడా ఆడవాళ్ళకి క్షేమం కాదు. అయినా ఆ దారిని ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే అది పనికి పోయే దారి.

ఆ సాయంత్రం నేను లేవబోతుంటే ఆమే అంది, "పంపిస్తాలే. కాకపోతే నేను చెప్పిన దారినే పోవాల." ఇంక మొదలుపెట్టింది. ఫలానా చెరువు కింది డొంకన పోవద్దు, అక్కడ పందుల కోసం రాత్రి కరెంటు తీగ పెడతారు, పొద్దున తీయడం మరిచిపోతారు. రెండో తూము దాటాక గట్టు ఎక్కండి, ఆ చేను ఆసామి మంచోడు, దాహమేస్తే బోరు దగ్గర నీళ్ళు తాగినా ఏమనడు. జామాయిల్ తోట వెనక దిగుడుబావి ఉంది, దానికి గోడ లేదు. పక్క డొంకలో నాలుగు కుక్కలున్నాయి, సైకిలు దిగి నడిపిస్తే ఏం చేయవు. ఏటి ఒడ్డున పొద్దున ఆరింటికల్లా ఇసుక ట్రాక్టర్లొస్తాయి, వాటికన్నా ముందే ఇవతలికి వచ్చేయాల. ఇరవయ్యేళ్ళ కూలి ఆమె చేత ఈ నేలంతా నడిపించింది. ఏ చేలో ఎప్పుడు పత్తి తీసింది, ఎక్కడ పాము కనపడింది, ఏ చెట్టు కింద బిడ్డని పడుకోబెట్టింది, అన్నీ ఆ దారులతో పాటే చెప్పింది. అద్దంకి చుట్టూ మట్టి దారుల పటం ఎక్కడా అచ్చు కాలేదనుకునేదాన్ని. అది మిరపకోతకి పోయే ఆడవాళ్ళ తలల్లో ఉంది.

ఆ దారుల్లో కొన్ని వాళ్ళు వేసినవే. 2007 నుంచి ఉపాధి హామీ పనుల్లో డొంకలకి మట్టి పోసినప్పుడు గంపలెత్తినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. నా సైకిలు జారకుండా పోయే ఎత్తు ఎవరు పోసిన మట్టో ఇప్పుడు నాకు తెలుసు.

పోర్చుగల్‌లో ఎవోరా అని ఒక పాత నగరం ఉంది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పదహారో శతాబ్దంలో ఆ ఊరికి నీళ్ళు తేవడానికి కట్టిన కాలువ వంతెన పక్కనే ఊరి బయట పొలాల్లోకి నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ బాట ఉంది. రైళ్ళు ఆగిపోయిన ఒక పాత రైలుమార్గాన్ని కూడా అలాగే సైకిలు బాటగా మార్చారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి తొక్కిపోతారు. వాళ్ళకున్న కాలువ కట్ట మనకీ ఉంది. మనకున్న డొంకలు వాళ్ళకన్నా తక్కువేం కాదు. రెవెన్యూ లెక్కల్లో డొంక పోరంబోకు ఎవరి సొంతమూ కాదు, అంటే అందరిదీ. కాకపోతే ఏడాదికొక సాలు చొప్పున గట్టు లోపలికి జరుగుతూ వస్తుంది. బండి పట్టే డొంక సైకిలు పట్టేదవుతుంది, తర్వాత మనిషి పట్టేది. చివరికి ఒక రోజు కంచె పడుతుంది. పొలమున్న మగవాడికి ట్రాక్టరు పోయేందుకు ఇంకో దారి ఉంటుంది. నడిచి పోయే ఆడవాళ్ళే చుట్టు తిరిగి పోవాలి. డొంక పోతే ముందు పోయేది వాళ్ళ దారి.

ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలతో పటాల పాఠం చెప్పేటప్పుడు ఒక పని చేశాం. ఎవరి అమ్మనో, నాయనమ్మనో అడిగి వాళ్ళకి తెలిసిన డొంకలన్నీ గీసుకుని రమ్మన్నాను. ముప్పై రెండు కాయితాలు వచ్చాయి. అన్నీ కలిపి పెద్ద అట్టమీద అతికించాం. బావులు, కుక్కలు, తూములు, నీళ్ళిచ్చే బోర్లు, చెంబులకి పోయే చోట్లు, అన్నీ వచ్చాయి. తీగ పెట్టే చోట ఎర్రగా పుర్రె బొమ్మ వేశారు. ఇప్పుడు ఆదివారాలు ఐదుగురు పిల్లలు వస్తున్నారు, కాలనీ నుంచి ఇద్దరు, ఊళ్ళోంచి ముగ్గురు. గుంపుగా ఉంటే ఏ ఒక్కదాని మీదకీ మాట రాదని ఆ తల్లి చెప్పిన షరతు. గేరు సైకిలు మార్చుకుని తొక్కుతారు. ఎవరి వంతు ఎంత దూరమో వాళ్ళే తేల్చుకుంటారు, పోట్లాడుకుంటారు కూడా. ఊళ్ళోవాళ్ళు "ట్రయినింగా టీచరమ్మా?" అని అడుగుతున్నారు. దానికి పిల్లలే "కాదు" అని చెబుతున్నారు.

ఆ పటంలో ఒక డొంక సగంలో ఆగిపోయింది. గ్రామ నక్షాలో అది ఏటిదాకా ఉంది. నేలమీద మాత్రం సుబాబుల్ తోట దగ్గర కంచె అడ్డం ఉంది. కంచె తీయించమని సోమవారం అర్జీ పెడదామని పిల్లలే అన్నారు. డొంక ఎందుకు కావాలో కారణాలు రాయాలి కదా. మొదటి కారణం తల్లులు చెప్పారు, కూలికి పోవడానికి. రెండోది నేను రాయించాను, బడికి రావడానికి. అర్జీలో ఏవి చెల్లుతాయో నాకు తెలుసు కాబట్టి అక్కడికి చాలనుకున్నాను. అర్జీ రాస్తున్న పిల్ల కలం ఎత్తకుండా మూడో అంకె వేసి, దాని పక్కన "సైకిలు తొక్కుకోవడానికి" అని రాసి, సంతకాల కోసం కాయితం తల్లుల వైపు తిప్పింది. అందరికన్నా ముందు వాళ్ళమ్మ సంతకం పెట్టింది.